మొక్కుబడి ఇంటికి కొబ్బరిపీచు తివాచీ

దేవునికి స్తోత్రం. వెదురును బోలుగా, రాయిని గట్టిగా, గడ్డిని మెత్తగా, మనిషిని మొండిగా చేసిన సృష్టికర్తకు స్తోత్రం. ఇవన్నీ చేసేటప్పుడు ఏది ఏ గోడకు నప్పుతుందని ఆయన ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే మా వదిన చెప్పడం మొదలుపెట్టేది, సృష్టి ఇంకా పూర్తయ్యేది కాదు. వానలోనూ ఎండలోనూ, ప్రతి బుధవారం మమ్మల్ని ఒకచోట చేర్చి, తన నామాన్ని పాడుకునే భాగ్యం ఇచ్చినందుకు ఆయనకే మహిమ. ఆ చేరడం ఎక్కడ, దేనిమీద కూర్చుని, దేనికి ఆనుకుని అన్నదాని మీద మా సంఘంలో ఎంత కథ నడిచిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా వదిన మా అన్న భార్య. పుట్టిల్లు పులివెందుల, కాపురం ప్రొద్దుటూరు. మా అన్న కరెంటాఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ వాళ్ళు బాడుగ ఇళ్ళలోనే ఉన్నారు. మా వీధుల్లోని విశ్వాసులం ప్రతి బుధవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూడి, పాడుకుని, వాక్యం చదువుకుని, మోకాళ్ళూని ప్రార్థన చేసుకుంటాం. ముత్తాతల నాటి నుంచీ వస్తున్న అలవాటు. మా వదిన వంతు వచ్చిన ఒక బుధవారం, మేం మంచి ఊపులో పాడుతుండగా, మేడమీద ఉన్న ఇంటి యజమాని మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మెల్లగా పాడుకోండమ్మా. మీ దేవునికేమన్నా చెవుడా?" అన్నాడు.

మా పాట అక్కడే ఆగిపోయింది. మిగతా రెండు చరణాలూ గుసగుసగా ముగించాం. మా వదిన ముఖం ఎర్రగా కందిపోయింది. ఆ వచ్చే ఆదివారం ఆరాధనలో, దేవుని మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఆమె లేచి నిలబడి, సంఘమంతా వినేలా ఇలా మొక్కుకుంది: "ప్రభువు నాకంటూ ఒక ఇల్లు ఇస్తే, నా నట్టింట్లో ప్రతి బుధవారం కూడిక జరుగుతాది. నా ఊపిరున్నంత కాలం జరుగుతాది. ఎవరూ మెల్లగా పాడక్కర్లేదు."

సంఘమంతా గట్టిగా ఆమేన్ అన్నది. మా సంఘంలో సాక్ష్యంలో పలికిన మొక్కుబడి, మొక్కుకున్నవాళ్ళ సొత్తు కాదు. అది అందరిదీ. ముఖ్యంగా ముసలమ్మలది. మొక్కుకున్నవాళ్ళు మరిచిపోయినా వాళ్ళు మరిచిపోరు, ఏటా క్రిస్మసు కేకు నోట్లో పెట్టుకుంటూ, "ఏమ్మా, ఇల్లెంత దాకా వచ్చె?" అని అడుగుతారు. మొక్కుకున్నది మొక్కుకున్నట్టే చెల్లించాలి, చోటు మారకూడదు, వారం మారకూడదు అని మాకు పాలతోపాటు పట్టించారు. అందుకే మా వదిన దేన్నయినా తేలిగ్గా తీసుకుంటుంది గానీ ఈ మొక్కుబడిని తీసుకోదు. ఇల్లు వచ్చేదాకా కూడిక మా ఇంటి వరండాలో స్థిరపడింది.

దేవుడు ఇల్లు ఇచ్చాడు. జమ్మలమడుగు పోయే దారిలో, ఊరి చివర. గోడలు లేచి, గచ్చు పడి, రంగులు వేయించే వేళకు మా సంఘంలో పర్యావరణ ఆదివారం వచ్చింది. ఏటా ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు చెట్ల గురించీ నీళ్ళ గురించీ ప్రసంగిస్తారు. ఆ రోజు ఆయన చేత్తో ఒక ప్లాస్టిక్ రోజాపువ్వు పైకెత్తి చూపించి, "దేవుడు ఇన్ని పూలు పూయిస్తుంటే ఇది పెట్టుకున్న ఇంట్లో ఆయనకు చోటెక్కడ?" అని అడిగారు. అందరం తలలూపాం. ఆరాధన అయ్యాక ఆవరణలో ఎవరి బిడ్డ పుట్టినరోజో, బిర్యానీ పెట్టారు. ప్లాస్టిక్ పళ్ళేల్లో. అందరం తిన్నాం. అయ్యగారు రెండోసారి కూడా పెట్టించుకున్నారు. మా వదిన మాత్రం తినకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ప్రసంగాలు వినేవాళ్ళు మా సంఘంలో శానామంది ఉన్నారు. విన్నది చేసే మనిషి ఒక్కతే ఉంది. ఆమె మా వదిన.

వారం తిరక్కుండా ఆమె ఇంట్లోని ప్లాస్టిక్ అంతా బయటికి వచ్చింది. పూలకుండీలు, బుట్టలు, కుర్చీలు. ఒక్కచోట మాత్రం చిక్కు వచ్చింది. వాక్యం రాసి ఉన్న గడియారం, వాక్యం రాసి ఉన్న పటాలు, వాక్యం రాసి ఉన్న తాళాల కొయ్య. వాక్యం పరిశుద్ధం, ప్లాస్టిక్ పాపం. పారేస్తే ఒక తప్పు, ఉంచుకుంటే ఇంకో తప్పు. ఆమె ప్రార్థించింది. జవాబు దొరికింది. అవన్నీ ఒక గోనెసంచిలో మా ఇంటికి వచ్చాయి. అప్పటినుంచీ మా వరండాలో ఏ గోడ చూసినా వాక్యమే. మేం ఇంట్లో పోట్లాడుకోవడానికి కూడా పెరట్లోకి పోవలసి వస్తోంది.

"కొత్తింట్లో ఒక్క ప్లాస్టిక్ ముక్క ఉండకూడదు మే. అంతా ప్రకృతిలోది పెడతా. ఫోన్లో శానా వీడియోలు చూసినా. ఎకో ఫ్రెండ్లీ అంటారు. చూసేదానికీ స్టయిలుగా ఉంటాది" అన్నది వదిన.

"కూడికకు స్టయిలెందుకు వదినా?"

"బైబిల్లో, అరణ్యంలో తనకు గుడారం ఎయ్యమన్నప్పుడు తెరల రంగులు ఎవరు చెప్పినారు? బల్ల కొలతలు ఎవరు చెప్పినారు? దేవుడే గదా. ఇంటి అలంకారం పాపమైతే ఆయన అంత ఇదిగా చెప్తాడా?"

"తుమ్మకర్ర చెప్పినాడు వదినా. మన చేలగట్ల మీద ఉండేదే. ఆ పని చేద్దువు రా."

"తుమ్మకర్ర సామాన్లు షోరూములో దొరకవు" అని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

ప్రొద్దుటూరులో బంగారం కొట్లకు ఎదురుగా గృహాలంకరణ షోరూము ఒకటి కొత్తగా వచ్చింది. లోపల ఎంత చల్లగా ఉంటుందంటే, ఎండాకాలంలో జనం ఏమీ కొనకపోయినా లోపలికి వచ్చి దిండ్లు నొక్కి చూసి పోతుంటారు. అక్కడి అమ్మాయి మాకు గోధుమరంగు గుడ్డ ఒకటి పరిచి చూపించింది.

"ఇదేందమ్మా?" అన్నాను.

"జ్యూట్ రన్నర్ మేడమ్. బల్ల మీద పరుస్తారు. హండ్రెడ్ పర్సెంట్ నేచురల్."

"గోనెపట్ట."

"గోనెపట్ట కాదు మేడమ్, జ్యూట్."

"శనక్కాయలు నింపేది దీంట్లోనే గదమ్మా?"

మా వదిన నా మోచెయ్యి గిల్లింది. "మీరు చెప్పమ్మా, ఈమెకు తెలీదు" అన్నది. పక్కన నిలువెత్తు మట్టికూజాలో ఎండుగడ్డి పెట్టి ఉంది. పెన్న ఒడ్డున గాలికి ఊగే రెల్లు లాంటిదే. అదే మాట అన్నాను. ఆ అమ్మాయి ఓపిగ్గా, "ఇది బాగా ఎండబెట్టి ట్రీట్ చేసింది మేడమ్" అన్నది.

"మన ఎండల్లో ట్రీట్ కానిదేముంది తల్లీ" అన్నాను. ఆ అమ్మాయి పాపం నవ్వింది. మా వదిన నవ్వలేదు, గడ్డి కొన్నది.

తర్వాత నల్లరాతి బిళ్ళలు చూపించారు. టీ కప్పు కింద పెట్టుకోవడానికట. పెట్టె మీద బెంగుళూరు చిరునామా ఉంది. చేతిలోకి తీసుకోగానే నాకు అర్థమైపోయింది. అది మన కడప బండే. ఎర్రగుంట్ల దగ్గర లారీ ఎక్కి, బెంగుళూరు చేరి, అక్కడ గుండ్రంగా కోయించుకుని, నున్నగా రుద్దించుకుని, అట్టపెట్టెలో పడుకుని మళ్ళీ ప్రొద్దుటూరుకే వచ్చింది. తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకును చూసినట్టు మా వదిన దాన్ని అక్కున చేర్చుకుంది. ఇంట్లో నేలకు మాత్రం, కడప బండలు పాతకాలం వాళ్ళవని, గుజరాతు నుంచి వచ్చిన టైల్సు వేయించింది. వాటిమీద రాయిలాగా కనిపించే డిజైను ఉంటుంది.

వెదురు దీపం, అరటినారతో అల్లిన దీపపు గొడుగు, కొబ్బరిచిప్ప కప్పులు, ఎండుపూలూ దాల్చిన చెక్కా పోసి మధ్యబల్ల మీద పెట్టుకునే వెదురు గిన్నె, ఒక్కొక్కటే ఆటోలోకి చేరాయి. అన్నిటికన్నా ముఖ్యమైంది హాలంతా పరిచే కొబ్బరిపీచు తివాచీ. దాని అంచున చెంగావి రంగు చారలు. మా వదిన వంగి దాన్ని అరచేత్తో అటూ ఇటూ తడిమింది. "గట్టిగా ఉండాది, శానా ఏండ్లొస్తాది" అన్నది. చేత్తో చూసింది, మోకాలితో చూడలేదు. ఇది ఇంకెవరైనా చేసి ఉంటే పొరపాటు అనిపించుకోదు. ప్రార్థన అంటే మోకాళ్ళ మీద చేసేదని తాతల నాటి నుంచీ నేర్చుకున్న మనుషులు మేం. తివాచీ కొనడానికి వెళ్ళి, మా మోకాళ్ళనే ఇంట్లో మరిచిపోయి వచ్చాం.

కొన్నది చాలక, పాత వస్తువుల కోసం జమ్మలమడుగులో ఉన్న వదిన చిన్నమ్మ ఇంటికి వెళ్ళాం. ఆవిడ గడప మీద కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటోంది. వదిన నేరుగా విషయంలోకి వెళ్ళి, చాట, జల్లెడ, ఈతగంప కావాలన్నది. గోడకు వరసగా తగిలిస్తుందట.

"చాట గోడకు తగిలిస్తే బియ్యం దేంట్లో చెరుగుతావమ్మే?" అన్నది చిన్నమ్మ.

"బియ్యం ఇప్పుడు చెరిగేపనుండదు చిన్నమ్మా. కొట్లోనే శుభ్రం చేసిస్తారు."

"మరి చాటేమిటికి?"

"అందానికి."

చిన్నమ్మ నూనె చేత్తోనే బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "చిన్నప్పటి నుంచి ఆ చాట నా చేతిలోనే ఉండాది. ఒక్కరన్నా నన్ను అందమనలే. తీస్కపో తల్లీ, నీ గోడన్నా అందంగా కానీ." మేం గంప నెత్తిన పెట్టుకుని లేస్తుంటే, "ఊరికే కాదు. నీ ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు పారేస్తాండావంట గదా, అవి నాకు పంపియ్యి. నడుమానించుకుని కూచునే భాగ్యం ఇంగెప్పుడు వస్తాది నాకు" అన్నది. కుర్చీలు జమ్మలమడుగు వెళ్ళిపోయాయి. ఈ బేరంలో గెలిచింది ఎవరో నాకు ఆ రోజే తెలుసు.

ఆ తర్వాత పులివెందుల వెళ్ళింది, కొత్తింటి ప్రతిష్ఠ ప్రార్థనకు వదిన వాళ్ళ అన్నను పిలవడానికి. ఆయనకు అరటితోట ఉంది. వదిన అరటినార దీపపు గొడుగును కూడా గుడ్డలో చుట్టి తీసుకుపోయింది, చూపించి మెప్పించుకోవడానికి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూశాడు.

"ఇది బోదె గదప్పా?"

"బోదె నారన్నా. చేత్తో అల్లినారు."

"గెల కోసినాక ఈ బోదెలు తీసి పారేసేదానికి కూలోళ్ళు దొరక్క నేను సస్తాండా. నువ్వేమో దుడ్లిచ్చి కొనుక్కుని, మళ్ళా నాకు చూపించేదానికి బస్సులో తెచ్చినావు. ట్రాక్టరుకేసి పంపుతా పో, ప్రొద్దుటూరంతా దీపాలు పెట్టుకోండి."

వదిన ఆ మాటలకు చలించలేదు. తిరిగి వచ్చేటప్పుడు పుట్టింటి చేను నుంచి ఎర్రమట్టి సంచులకు ఎత్తించుకుని వచ్చింది. నట్టింట్లో ఒక గోడకు సిమెంటు మీద ఆ మట్టి మెత్తించింది. మట్టిగోడ మీద సిమెంటు పూయించడానికి మా నాన్న ఎన్ని తిప్పలు పడ్డాడో నాకు గుర్తుంది. ఇప్పుడు సిమెంటు మీద మట్టి పూయించడానికి మా అన్న పడ్డాడు. మేస్త్రీ ఆ పని చేస్తున్నంతసేపూ, "నిజంగానే అంటాండారా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు. అయితే చెప్పవద్దూ, గోడ చూడముచ్చటగా వచ్చింది. సాయంత్రం వెలుగు దానిమీద పడితే పొలంలో నిలబడినట్టు ఉంటుంది. ఆ గోడకు ఇవతల నట్టిల్లు, అవతల కారు షెడ్డు.

ప్రతిష్ఠ అయి, మొదటి బుధవారం వచ్చింది. మా వరండా జనమంతా శుభ్రమైన బట్టలు కట్టుకుని, తలలకు నిండా నూనె పెట్టుకుని వచ్చారు. దూదిమిల్లుకు పోయే ఆడవాళ్ళు, ఇద్దరు టీచరమ్మలు, ముసలమ్మలు, సంఘ పెద్ద ఒకాయన, మా అయ్యగారు. మా కూడికల్లో ఆడవాళ్ళు మొదట చేసేది గోడ వెతుక్కోవడం. పొద్దుననగా పనికి పోయి వచ్చిన నడుములు అవి. అందరూ వెళ్ళి ఎర్రగోడ దగ్గర వరసగా చతికిలబడ్డారు.

"ఆ గోడకు ఆనుకోవద్దక్కా, మట్టిది. నూనె అంటుకుంటాది" అన్నది వదిన, నవ్వుతూనే.

"మట్టిగోడకు ఆనుకోకుంటే ఇంగ దేనికి ఆనుకుంటామమ్మా?" అన్నది ఒక ముసలమ్మ. అన్నది గానీ ముందుకు జరిగింది. అందరూ జరిగారు. గోడకూ వీపులకూ మధ్య జానెడు ఎడం వదిలి, బడిపిల్లల్లాగా నిటారుగా కూర్చున్నారు. కుర్చీ కావాలని ఒకామె అడిగింది. కుర్చీలు జమ్మలమడుగులో ఉన్నాయి.

పాటలు అయ్యాయి. కానుకల పాట అందుకోగానే, మధ్యబల్ల మీద వెదురు గిన్నె కనిపించింది. అలవాటు ప్రకారం ఒక్కొక్కరే లేచి కానుకలు దాంట్లో వేశారు. ఎండుపూల మీద, దాల్చిన చెక్క మీద. మా వదిన నోరు తెరిచేలోగా అయ్యగారు గిన్నె మీద చెయ్యి పెట్టి, దేవుని పనికి ప్రతిష్ఠిస్తూ ప్రార్థన చేసేశారు. ప్రతిష్ఠించింది మళ్ళీ వెనక్కి తీసుకోరు. సంఘం కోశాధికారి గిన్నెతో సహా పట్టుకుపోయాడు. ఇప్పుడు మా మందిరంలో ఆదివారం కానుకలు దాంట్లోనే పడతాయి. మందిరమంతా దాల్చిన చెక్క వాసన. మా వదిన దాన్ని చూసినప్పుడల్లా కళ్ళు మూసుకుంటుంది. జనం భక్తి అనుకుంటారు.

ఆ తర్వాత మోకాళ్ళ ప్రార్థన. నడిపించేది సంఘ పెద్ద. ఆయన ప్రార్థన మా దగ్గర పేరున్నది. సృష్టితో మొదలుపెట్టి, పితరులందరినీ తలుచుకుని, దేశాధినేతల మీదుగా రాష్ట్రానికి దిగి, జిల్లాకు వచ్చి, ఊళ్ళోని రోగులను పేరుపేరునా ముట్టుకుంటూ పోతారు. ఈలోగా పొయ్యి మీద పప్పు ఉడికించుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ రోజు అందరం కొబ్బరిపీచు మీద మోకాళ్ళూనాం. సూదులమీద ఊనినట్టుంది. పెద్దాయన సృష్టి దగ్గర ఒకసారి మూలిగారు. పితరుల దగ్గర ఒకసారి బరువు ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి మార్చుకున్నారు. ఉన్నట్టుండి, "తండ్రీ, మా అక్కర్లన్నీ నీకు తెలిసినవే, ఆమేన్" అని లేచి నిలబడ్డారు. రాష్ట్రం కూడా రాలేదు. పులివెందులలో ఆసుపత్రిలో ఉన్న తన తమ్ముణ్ణి కూడా తలుచుకోలేదు.

కొబ్బరిచిప్పల్లో టీ ఇచ్చారు. చిప్పకు చెవి ఉండదు. కడప బండ మీద పెట్టి, తీసి, వేళ్ళు ఊదుకుని, మళ్ళీ పెట్టి, ఎట్లాగో ముగించాం. వెళ్ళేటప్పుడు అయ్యగారు మోకాళ్ళు రుద్దుకుంటూ, "ఇల్లు శానా బాగుందమ్మా, ప్రకృతి ఒడిలో ఉన్నట్టుంది" అన్నారు. ఆయన దైవసేవకుడు కదా, అబద్ధమాడలేరు. ప్రకృతిలో ముళ్ళు కూడా ఉంటాయి.

ఆ పై బుధవారం సగంమందే వచ్చారు. దాని తర్వాత వారం ఒకరికి బీపీ, ఒకరింటికి చుట్టాలు, మిల్లు ఆడవాళ్ళకు ఓవర్‌టైము. ఆ తర్వాతి బుధవారం నేను చీర మార్చుకుని వదిన ఇంటికి బయలుదేరబోతుంటే మా వరండా నిండా జనం ఉన్నారు. చెప్పులు విడిచి, నా గోడల మీది వాక్యాల కింద హాయిగా ఆనుకుని ఉన్నారు.

"ఈ పొద్దు కూడిక ఈడ కాదు గదా" అన్నాను.

"తెలుసులేక్కా. ఆడ కూచుంటే పరీక్ష రాసినట్టుంటాది. ఒక్క పాట పాడుకుని పోతాం" అన్నారు. ఒక్క పాట కాస్తా మూడు ప్రార్థనలూ టీ దాకా సాగింది.

అక్కడ వదిన, మా అన్న, అయ్యగారు ముగ్గురే ఎదురుచూసి, ఎవరూ రాక, ముగ్గురూ మూడు శ్రుతుల్లో పాడుకున్నారట. చీకటి పడేసరికి వదిన మా ఇంటికి వచ్చింది. వరండాలో టీ గ్లాసులు ఇంకా తీయలేదు. వాటిని చూసింది.

"నా మొక్కుబడిని నీ వరండాలో దాచిపెట్టుకున్నావు గదమ్మే."

"నేను దాచలేదు వదినా. కాళ్ళున్న మొక్కుబడి, అదే నడుచుకుంటూ వచ్చింది."

"ఎగతాళి సాలించు. తరిమేసి ఉంటే నా ఇంటికి వచ్చేవాళ్ళు గదా?"

"ప్రార్థనకు వచ్చినోళ్ళను తరిమేస్తే రేపు దేవుని ముందర నేనేం చెప్పాల?"

"మరి నేనేం చెప్పాల?" అన్నది వదిన. "నట్టింట్లో అని నోరారా పలికినా. సంఘమంతా ఆమేననింది. ఆయన ఇల్లిచ్చినాడు, ఆయన మాట నిలబెట్టుకున్నాడు. నేనే గదా తప్పింది. వాళ్ళకోసమే గదే ఇదంతా పెట్టింది. మంచి ఇంట్లో కూచోని పాడుకోవాలని గదా."

నా దగ్గర ఇంకో రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి. మింగాను.

ఆమె ప్రయత్నం చేయకపోలేదు. తివాచీ మీద దుప్పట్లు పరిచింది. పీచు దుప్పట్లోంచి కూడా గుచ్చింది. గోడకు జమ్మలమడుగు మగ్గం దుప్పటి కట్టి, ఇప్పుడు ఆనుకోండి అన్నది. దుప్పటి గోడకన్నా అందంగా ఉంది, దానికీ ఎవరూ ఆనుకోలేదు. ఒకసారి వద్దన్న గోడ దగ్గరికి జనం మళ్ళీ రావడం అంత సులువు కాదు. పిలిస్తే వస్తారు, నవ్వుతారు, జానెడు ఎడంగా కూర్చుని తొందరగా లేచిపోతారు.

వానలు పట్టాక ఒక బుధవారం మా వరండా రేకులు కారడం మొదలుపెట్టాయి. వచ్చినవాళ్ళందరినీ వెంటబెట్టుకుని, తడుచుకుంటూ వదిన ఇంటికి నడిపించాను. దారంతా నల్లరేగడి. గేటు దాటేసరికి అందరి కాళ్ళకూ బురద బూట్లు తొడిగినట్టుంది. మా అన్న అయ్యగారిని తీసుకురావడానికి కారేసుకుని పోయాడు, షెడ్డు ఖాళీగా ఉంది. కింద కడప బండలు. అందరూ ఆ షెడ్డులోనే ఆగిపోయారు.

వదిన తలుపు బార్లా తెరిచి గుమ్మంలో నిలబడింది. "లోపలికి రాండి."

"కాళ్ళు బురదగా ఉండాయమ్మా."

"ఉండనీ, పర్వాలేదు, రాండి."

"వద్దులేమ్మా. ఈడ బాగుండాది."

కూర్చున్నారు. షెడ్డు గోడకు వీపులానించారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. వాన మీద పాట, కప్పు మీద వాన. ఏ మేడమీది మనిషీ మెల్లగా అనలేదు. మోకాళ్ళూనితే బండ చల్లగా తగిలింది. పెద్దాయన ప్రార్థన ఆ రోజు రాష్ట్రం దాటి, జిల్లా దాటి, ఊళ్ళోకి వచ్చి, ప్రతి మంచాన్నీ పలకరించి, వాళ్ళ తమ్ముడి దగ్గర ఆగి ఏడ్చి, మళ్ళీ లేచి ప్రపంచ దేశాల అధిపతుల దాకా వెళ్ళింది. మధ్యలో మా అన్న అయ్యగారితో కారు తెచ్చి హారన్ కొట్టాడు. ఒక్కరూ కళ్ళు తెరవలేదు. కారు వానలోనే నిలబడింది.

వదిన గుమ్మం మీదే మోకాళ్ళూనింది. కూడిక అయ్యాక అందరి ముందరే అయ్యగారిని అడిగింది. "అయ్యగారూ, షెడ్డు నట్టిల్లవుతాదా?"

"ఎక్కడ మనసారా ప్రార్థిస్తే అదే దేవుని మందిరమమ్మా."

"అది ప్రసంగం. నేనడిగేది మొక్కుబడి."

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ప్రార్థించి చెప్తానమ్మా."

"ప్లాస్టిక్ గురించి కూడా మీరు ప్రార్థించే చెప్పినారు" అన్నది వదిన. అయ్యగారు గొడుగు వెతుక్కున్నారు.

"ఒకే కప్పు కింద ఉండాది గదే, ఇదీ ఇల్లే" అన్నాడు మా అన్న, కారు తడుస్తున్న బాధలో.

"మధ్యలో గోడుండాది" అన్నది వదిన.

అంతే. సోమవారం నేను వెళ్ళేసరికి అదే మేస్త్రీ సమ్మెట పట్టుకుని ఎర్రగోడ ముందు నిలబడి, "నిజంగానే అంటాండారా అమ్మా?" అంటున్నాడు.

"ఇల్లు పగలగొట్టుకుంటావా?" అన్నాడు మా అన్న.

"ఇల్లు ఆయనిచ్చింది. గోడ నేను పెట్టుకున్నది. కొట్టప్పా" అన్నది మేస్త్రీతో.

మొదటి దెబ్బకు చాట కిందపడింది. తర్వాత మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. పుట్టింటి మట్టి. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చివరిదాకా అక్కడే నిలబడి చూసింది. ఆ రోజు నేను ఏమీ ఎగతాళి చేయలేదు. మళ్ళీ చెప్తున్నాను, దీనికి కూడా దేవునికే స్తోత్రం.

ఇప్పుడు షెడ్డూ నట్టిల్లూ ఒక్కటే గది. కారు వీధిలో ఎండకు ఎండుతోంది, దానికి మా అన్న వారానికొకసారి నిట్టూరుస్తాడు. ప్రతి బుధవారం జనం నిండుగా వస్తారు. అందరూ బండల మీదే కూర్చుంటారు. గోడ ఉన్నచోట సిమెంటు గీత ఒకటి మిగిలింది. పాకే పిల్లలు తప్ప దాన్ని ఎవరూ దాటరు. గీతకు అవతల టైల్సు, తివాచీ, ఎండుగడ్డి, వెదురు దీపం అన్నీ ఎవరూ ముట్టకుండా మెరుస్తూ ఉంటాయి, వధువు రాని పెళ్ళిపందిరిలాగా. ముసలమ్మలు రెండు వారాలు గుసగుసలాడి, మూడో వారం మొక్కుబడి చెల్లినట్టే అని తీర్పు చెప్పారు. ఆ మాట విని మా వదిన ఒక పూట ఉపవాసముండి కృతజ్ఞత చెల్లించుకుంది.

ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. కానీ పోయిన బుధవారం పాట మధ్యలో నేను తలెత్తి చూస్తే, మా వదిన కళ్ళు పాటల పుస్తకంలో లేవు. బండల పక్కనున్న షెడ్డు గోడ మీద ఉన్నాయి. ప్రార్థన అయ్యాక నా చెవిలో, "మే, ఈ పక్క శానా బోడిగా ఉండాది కదా? ఏదన్నా నేచురల్‌గా, చిన్నది..." అన్నది.

అందుకే ప్రియ సహోదరీ సహోదరులారా, మీరు ఏ ఊళ్ళో ఉన్నా, ఏ నేలమీద మోకాళ్ళూనినా, ఒక్క నిమిషం నాతో ఏకీభవించండి. తండ్రీ, మా వదిన ఆసక్తిని నువ్వెరుగుదువు. అది నిజమైనది, నీవిచ్చిందే. దాన్ని చల్లార్చవద్దు, కాస్త దారి మళ్ళించు. ఆ షోరూము వైపు పోయే ఆటోలను ఆమె కంట పడనీయవద్దు. పనిచేసి వచ్చిన నడుములకు ఆ గోడను అలాగే బోడిగా ఉంచు. మా అయ్యగారు వచ్చే పర్యావరణ ఆదివారం నాడు నీళ్ళ గురించి మాత్రమే మాట్లాడేటట్టు చేయి. ఆ సిమెంటు గీత దాటి మేమందరం ఒకనాడు ధైర్యంగా అవతలికి వెళ్ళి కూర్చునేలా, మమ్మల్ని చూసి ఆమె అయ్యో నా తివాచీ అనకుండా సంతోషించేలా, ఇద్దరివైపులా కొంచెం కొంచెం మెత్తదనం దయచేయి. ఇది చదువుతున్నవాళ్ళ నోట కూడా ఒక ఆమేన్ పలికించు.

గట్టిగానే అనండి. ఇక్కడ మెల్లగా అనేవాళ్ళెవరూ లేరు.